బల్ల మీద తడి

కొత్తగా హౌస్‌కీపింగ్ పనిలో చేరే ఆడపిల్లలకు మొదటి రోజు నేను చీపురు ఇవ్వను. చెప్పులు విప్పి, కళ్ళు మూసుకుని, గది ఈ గోడ నుంచి ఆ గోడ దాకా నడవమంటాను. ఒకరి మొహాలు ఒకరు చూసుకుని నవ్వుతారు. "ఏందమ్మా, దాగుడుమూతలు ఆడిపిస్తున్నవా?" అని ఒక పిల్ల అడిగింది కూడా. నడిచాక ఆ నవ్వు ఉండదు. కంటికి అద్దంలా కనిపించిన నేల మీద ఇసుక తగులుతుంది, జిడ్డు తగులుతుంది, ఏదో మూల ఆరని తడి తగులుతుంది. అప్పుడు చీపురు చేతికిస్తాను.

ముప్పై ఏళ్ళకు పైగా ఈ పని చేశాను. ఇళ్ళలో మొదలుపెట్టి, హాస్టల్లో చేసి, చివరికి ఒక పెద్ద ఆఫీసులో సూపర్‌వైజర్‌గా దిగిపోయాను. సూపర్‌వైజర్ ఎలా అయ్యానో, రిజిస్టర్లు ఎలా నింపానో ఇక్కడ రాయను. అందులో మీకు పనికొచ్చేది ఏమీ లేదు. ఒక ఇంటి గురించి, ఆ ఇంట్లో ఒక శనివారం గురించి రాస్తాను. ఆ రోజు నా చేతుల మీదుగా ఒక మనిషి ప్రాణం పోవలసింది. ఇప్పటికీ ఎవరింట్లోనైనా బల్ల మీద నీళ్ళ సీసా చూస్తే మూత తీసి వాసన చూడందే ఉండలేను.

నా పేరు యాదమ్మ. చదివింది ఏడో తరగతి. ఏడుతో ఆపేసినదానికి ఇంత రాత ఎలా వచ్చిందని అడుగుతారేమో. అదీ ఆ ఇంటి చలవే.

వాసన రావాలి

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సుల బోర్డులు గోడలన్నీ కప్పేసిన రోజులవి. ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు బస్సు దిగి, బ్యాగులు మోసుకుంటూ సందుసందూ తిరిగేవాళ్ళు. రెండు గదులు ఖాళీగా ఉన్న ప్రతివాడూ మంచాలు వేసి హాస్టల్ అని బోర్డు పెట్టేవాడు. నేను పొద్దున ఆరింటికి అలాంటి ఒక లేడీస్ హాస్టల్లో పని మొదలుపెట్టేదాన్ని. మూడంతస్తులు, పద్నాలుగు బాత్రూములు, మనిషిని నేనొక్కదాన్నే.

మేనేజరు శంకరన్న. మనిషి చెడ్డవాడేం కాదు, ఒక మాట తూలేవాడు కాదు. కానీ శుభ్రం అంటే ఆయనకు తెలిసింది ఒక్కటే.

"యాదమ్మా, ఫినాయిల్ వాసన గేటు కాడికి రావాలె. పిల్లను దించనీకి వచ్చిన తల్లిదండ్రులకు వాసన కొడితే సాలు. మూలలు ఎవలు సూస్తరు?"

నిజమే, ఎవరూ చూసేవారు కాదు. అందుకని నేనూ మూలలు చూడటం మానేశాను. బకెట్లో ఫినాయిల్ గుమ్మరించి, గుడ్డ సరిగ్గా పిండకుండా నేల మీద తిప్పేసి, బాత్రూముల్లో యాసిడ్ చల్లి వచ్చేసేదాన్ని. సైకిల్ మీద క్యాన్లు కట్టుకుని వచ్చేవాడి దగ్గర ఆ యాసిడ్‌ను పాత మంచినీళ్ళ సీసాల్లో పట్టేవాళ్ళం. లేబుల్ చించేసి మూత బిగిస్తే అయిపోయె. వీధిలో అందరూ చేసే పనే, నేనూ చేశాను. ఈ సీసా సంగతి గుర్తుంచుకోండి.

ఆ హాస్టల్లో పని అయిపోయాక నాకు నడుము నొప్పి తప్ప ఇంకేమీ మిగిలేది కాదు. రేపు మళ్ళీ ఇదే కదా అనుకుంటూ మెట్లు దిగేదాన్ని.

గుడ్డ తిప్పావు, తుడవలేదు

హాస్టల్ అయ్యాక పదింటికి పంజాగుట్టలో వసుంధర గారి ఇంటికి వెళ్ళేదాన్ని. రెండో అంతస్తులో చిన్న ఫ్లాటు, తాండూరు బండల నేల. ఆవిడ దగ్గర్లోనే ఒక బ్యాంకు ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరు. గుంటూరు వైపు మనిషి. చిన్నప్పుడు జ్వరమొచ్చి రెండు కళ్ళూ పోయాయి. నలభై దాటినా ఒంటరిగానే ఉండేవారు. తెల్లకర్ర పట్టుకుని పది నిమిషాల్లో ఆఫీసుకు నడిచి వెళ్ళి, అదే దారిన నడిచి వచ్చేవారు.

మొదటి రోజు ఆవిడ సెలవులో ఉన్నారు. చూపు లేని మనిషే కదా అని హాస్టల్లో తిప్పినట్టే గుడ్డ తిప్పి లేచాను. ఆవిడ చెప్పులు లేకుండా మెల్లగా గదంతా నడిచి, కిటికీ దగ్గర ఆగారు.

"ఇక్కడ తుడవలేదు యాదమ్మా."

"తుడిచిన్నమ్మా."

"గుడ్డ తిప్పావు. తుడవలేదు."

తల తీసేసినట్టయింది. మళ్ళీ కూర్చుని తుడిచాను. మళ్ళీ నడిచారు. "గుడ్డ పిండలేదు. నేను జారితే ఎత్తడానికి ఎవరున్నారిక్కడ?" అన్నారు. కోపంగా అనలేదు, ఉన్న మాట అన్నట్టే అన్నారు. మూడోసారి తుడిచాక మాత్రం, "ఊఁ" అన్నారు. ఆ ఒక్క ఊఁ కోసం నేను ఆ తర్వాత ఎన్ని రోజులు నడుం వంచానో చెప్పలేను.

ఆ ఇంట్లో పనిముట్లు అంటే కొండ చీపురు, బాత్రూముకు పుల్లల చీపురు, చేట, ఒక బకెట్, పాత పంచె చింపిన రెండు గుడ్డలు, కొబ్బరి పీచు. అంతే. తడిగుడ్డ ఒకటి, దాని వెనకే పొడిగుడ్డ ఒకటి. గది మారితే నీళ్ళు మారాలి. బల్ల తుడిస్తే చెయ్యి పెట్టినా తడి తెలియకూడదు. అన్నిటికంటే పెద్ద నియమం, వస్తువు ఎక్కడ తీస్తే అక్కడే పెట్టాలి. గుమ్మం నుంచి బల్లకు ఎనిమిది అడుగులు. బల్ల కుడి మూల మంచినీళ్ళ సీసా, దాని పక్కన బోర్లించిన స్టీలు గ్లాసు. కుర్చీ బల్ల అంచుకు ఆనించి ఉండాలి. ఆవిడ రోజూ ఇంటికి రాగానే ఎనిమిది అడుగులు వేసి, సీసా అందుకుని, నీళ్ళు తాగి, ఆ తర్వాతే ఇంకో పని.

నెల తిరిగేసరికి నాకొక పిచ్చి పట్టింది. తుడవడం అయ్యాక నేనూ కళ్ళు మూసుకుని నడిచేదాన్ని. కాలికి ఒక్క రేణువు తగలకపోతే, ఎండలో నడిచొచ్చి కుండలో నీళ్ళు తాగినంత హాయి. ఆ హాయి హాస్టల్లో రెండేళ్ళలో ఒక్క రోజు కూడా నాకు దొరకలేదు. మంచి దొర దొరకాలంటారు కదా. నా మటుకు మంచి దొర అంటే పనిలో తేడా పట్టుకోగలిగినవాడు.

పని అయ్యాక, సెలవు రోజుల్లో ఆవిడ నాకు పేపరు ఇచ్చి చదవమనేవారు. తప్పు చదివితే ఆపి సరిచేసేవారు. నా రాత అలా కుదిరింది.

తమ్ముడు వస్తున్నాడు

ఆ ఫ్లాటు వాళ్ళ నాన్నగారు అక్కాతమ్ముళ్ళిద్దరి పేరా రాశారు. తమ్ముడు ప్రసాద్ గుంటూరులో ఉండేవాడు. అమీర్‌పేట హాస్టళ్ళు నిండిపోయి పంజాగుట్ట దాకా పాకుతున్నాయి. ఆ బిల్డింగులోనే కింద రెండు ఫ్లాట్లు హాస్టళ్ళయ్యాయి. ఆ హాస్టళ్ళ వాళ్ళే ప్రసాద్‌కు ఫోన్ చేసి ఈ ఫ్లాటు కూడా అద్దెకు అడిగారు. అతను ఆదివారం వచ్చి చూసి మాట్లాడతానన్నాడు.

వసుంధర గారికి నాలుగు రోజులుగా జలుబు. ముక్కుదిబ్బడతో గొంతు కూడా మారిపోయింది. గురువారం సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్నారు, నేను గిన్నెలు సర్దుతుంటే నెమ్మదిగా చెప్పారు.

"వాడు చెడ్డవాడు కాదు యాదమ్మా. భయం వాడికి. నేనెక్కడ పడతానో, ఎక్కడ కాల్చుకుంటానో అని. ఇల్లు చూసి ఏ చిన్న తేడా కనిపించినా నన్ను తీసుకుపోతాడు. అక్కడ గదిలో కూర్చోబెట్టి వేళకు అన్నం పెడతారు. ఉద్యోగం ఉండదు. ఈ ఇల్లు నేర్చుకోవడానికి నాకు రెండేళ్ళు పట్టింది. ఇంకో ఇల్లు నేర్చుకునే ఓపిక నాకు లేదు."

"ఫికర్ చేయకుండ్రి అమ్మా. అద్దం లెక్క చేస్త," అన్నాను.

అక్కడే నా బుద్ధి గడ్డి తిన్నది. ఆవిడ పాదాలకు నచ్చే ఇల్లు కాదు, ప్రసాద్ కళ్ళకు మెరిసే ఇల్లు కావాలనుకున్నాను. బాత్రూములో బోరు నీళ్ళ తెల్లమరకలు కనిపించాయి. నిమ్మచెక్క, ఉప్పు, పీచు పట్టుకుని రోజుకు కాస్త రుద్దితే పోయేవే. నాకు అంత ఓపిక లేకపోయింది. శనివారం పొద్దున హాస్టల్ నుంచి సగం సీసా యాసిడ్ పట్టుకొచ్చాను.

శనివారం

ఆవిడ ఆఫీసుకు వెళ్ళిపోయారు. తాళంచెవి నా దగ్గర ఒకటి ఉండేది. బాత్రూములో యాసిడ్ పోసి కడిగాను. మరకలు పోయాయి. బల్ల తుడవడానికి మంచినీళ్ళ సీసా తీసి వంటింటి గట్టు మీద పెట్టాను. ఇంకా కొంచెం మిగిలిన యాసిడ్ సీసాను తడిచేత్తోనే పట్టుకుని బయటికి వస్తుండగా బెల్లు మోగింది. గ్యాస్ సిలిండర్ వచ్చింది. చేతిలో సీసాను బల్ల మూలన పెట్టి తలుపు తీశాను. సిలిండర్ లోపలికి దింపించి, కాగితం మీద సంతకం పెట్టి, అతన్ని పంపి, హడావుడిగా తక్కిన పని ముగించాను. వెళ్ళేముందు గుమ్మంలో నిలబడి ఒకసారి చూశాను. బల్ల కుడి మూల సీసా ఉంది, పక్కన గ్లాసు ఉంది, కుర్చీ సరిగ్గా ఉంది. సంతోషంగా తాళం వేశాను.

యూసుఫ్‌గూడలో మా గదికి చేరి అన్నం కలుపుకున్నాను. వేలి మీద చిన్న పగులు ఉంది, అది చురుక్కుమంది. యాసిడ్ తగిలినట్టుందే అనుకున్నాను. సీసా మూత గట్టిగా పెట్టానా? ఆ సీసా ఎక్కడ పెట్టాను? నీళ్ళ సీసా గట్టు మీద పెట్టాను. తిరిగి తేలేదు. మరి బల్ల మీద ఉన్నదేది?

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎలా లేచానో తెలియదు, ఎంగిలిచేత్తోనే కిరాణా కొట్టు దగ్గర కాయిన్ బాక్సు ఫోనుకు పరుగెత్తాను. శనివారం సగం పూటే ఆఫీసు, ఒంటిగంటన్నరకు బయల్దేరతారు. ఇంకా టైముంది, ఆఫీసుకు ఫోన్ చేస్తే ఎత్తేది ఆవిడే కదా అనుకున్నాను. ఆ నంబరు నాకు నోటికి వచ్చు.

ఎత్తింది ఎవరో మగమనిషి. "మేడమా? జలుబు ఎక్కువైందని ముందే పోయింది కదమ్మా. పావుగంట అయింది."

పావుగంట. దారి పది నిమిషాలు. ముక్కుదిబ్బడ, వాసన తెలియదు. ఇంటికి రాగానే ఎనిమిది అడుగులు, సీసా, నీళ్ళు.

ఇంటికి చేశాను. మోగుతోంది. మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. ఇంకోసారి చేశాను. అంతే.

ఆటోకు అడ్డంగా నిలబడ్డాను. "భాయ్, పంజాగుట్ట. జర తొందరగ పోనీ, మనిషి పానం పోతది!" అంటే అతను ఇంకేమీ అడగలేదు. కానీ అమీర్‌పేట అడిగినట్టు వదులుతుందా? మైత్రీవనం దగ్గర క్లాసు వదిలిన పిల్లలు రోడ్డంతా నిండి ఉన్నారు, షేర్ ఆటోలు ఎక్కడివక్కడ ఆగి ఉన్నాయి. మా భాయ్ హారన్ మీద నుంచి చెయ్యి తీయలేదు. నేను యెల్లమ్మ తల్లికి ఏమేం మొక్కుకున్నానో నాకే గుర్తు లేదు. ఆ తల్లికి మొక్కుతూనే ఇంకోవైపు నాకు పోలీసులు కనిపించారు, ప్రసాద్ కనిపించాడు. ఆ క్షణంలో కూడా నా గురించి నేను భయపడ్డాను. అది దాచను.

రెండంతస్తులు ఎక్కి తాళం తిప్పాను. బల్ల మీద సీసా మూత తీసి ఉంది. ఎప్పుడూ బోర్లించి ఉండే గ్లాసు నిలబెట్టి ఉంది. గ్లాసు ఖాళీగా ఉంది. మనిషి లేదు.

"అమ్మా!" అని ఒక్క అరుపు అరిచాను. జవాబు రాలేదు.

బాత్రూములో కుళాయి కట్టేసిన చప్పుడైంది. వసుంధర గారు తలుపు పట్టుకుని బయటికొచ్చారు. కుడిచేతి నుంచి నీళ్ళు కారుతున్నాయి.

"యాదమ్మా, నువ్వేనా? బల్ల ముట్టుకోకు. దాని మీద ఏదో పోసి ఉంది. చెయ్యి కాలుతుంది."

నన్ను కాపాడుతున్నారు ఆవిడ. నేను నేల మీద కూలబడి ఏడ్చాను. "తాగిండ్రా అమ్మా? తాగలే కదా? అది యాసిడ్ అమ్మా, నేనే పెట్టిన."

ఆవిడ తడుముకుంటూ వచ్చి నా పక్కనే నేల మీద కూర్చున్నారు. చేతి వేళ్ళు ఎర్రబడ్డాయి. ఏం జరిగిందో మెల్లగా చెప్పారు. బల్ల దగ్గరికి రాగానే కాలికి బండ గరుకుగా తగిలిందట. సీసా నుంచి కారిన చుక్కలు అక్కడ బండను తినేశాయి. ఏదో తేడా అనుకుంటూనే గ్లాసు తిప్పి, మూత తీసి, సీసా ఎత్తబోతే కింద బల్ల తడిగా ఉంది.

"నువ్వు తుడిచిన బల్ల మీద ఇన్నాళ్ళలో ఒక్కసారీ తడి లేదు. ఇవాళ తడి ఉందంటే అది నీళ్ళు కాదేమో అనిపించింది. వదిలేశాను. అంతలో వేళ్ళు మండాయి. ఫోను మోగింది కానీ కుళాయి కింద నుంచి చెయ్యి తీయలేకపోయాను."

నేను తాళంచెవి తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాను. "రేపటి సంది రానమ్మా. నా మొకం మీకు సూపియ్య," అన్నాను. చూపించడానికేముంది అన్నట్టు ఆవిడ నవ్వారు. తాళంచెవి వెతికి మళ్ళీ నా చేతిలోనే పెట్టారు. "రేపు ఆరింటికి రా. ఆ సీసా ఇంటి బయటికి పోవాలి. రోజూ ఎలా తుడుస్తావో అలాగే తుడువు. వాడి కోసం ఏమీ చెయ్యకు."

ఒక్క మాట ఇక్కడ. తాగే సీసాలో యాసిడ్ పోయకండి, ఫినాయిల్ పోయకండి. ఎవరు పోయమన్నా సరే, ఎంతమంది పోస్తున్నా సరే. అందరూ చేస్తున్నారు కదా అని చేసినందుకు నేనేం చేయబోయానో చూశారు.

ఆదివారం

ఆరింటికి వెళ్ళాను. ముందు బూజుకర్ర, తర్వాత కిటికీ ఊచలు, తర్వాత చీపురు. కొండ చీపురు ఎత్తకుండా, దుమ్ము లేవకుండా, గోడ వైపు నుంచి గుమ్మం వైపు. మధ్యలో చీపురు ఆవిడ కాలికి తగిలింది. వంగి తాకి కళ్ళకద్దుకున్నారు. బకెట్ నీళ్ళు మూడుసార్లు మార్చాను. తడిగుడ్డతో వెనక్కి జరుగుతూ, మళ్ళీ పొడిగుడ్డతో అదే దారి. మొదటి గదిలో తుడిచిన చోటే మళ్ళీ తుడిచాను. రెండో గదికి వచ్చేసరికి చేతికి పాత వరస దొరికింది. గుడ్డ పిండిన చప్పుడు, నేల మీద గుడ్డ జరిగే చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేమీ లేదు. ప్రసాద్ వచ్చి ఏమన్నా అననీ, ఈ గంట మాత్రం నాది అనిపించింది. నా మనసు చల్లబడింది.

బల్ల దగ్గర బండ మీద మాత్రం అరచెయ్యంత తెల్లమచ్చ. ఎంత తుడిచినా పోలేదు. పోదు.

పదింటికి ప్రసాద్ వచ్చాడు. ఇల్లంతా తిరిగి, బాత్రూం చూసి, కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కాఫీ ఇచ్చాను. అతని చూపు నేల మీద ఆగింది.

"ఏంటిది? ఈ మచ్చ ఏంటి?"

"బోరు నీళ్ళ మరక సార్," అన్నాను. నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"అబద్ధం చెప్పకు యాదమ్మా," అన్నారు వసుంధర గారు. తర్వాత జరిగినదంతా తమ్ముడికి చెప్పారు. సీసా, యాసిడ్, తడి, కాలిన వేళ్ళు, ఏదీ దాచలేదు. ఆవిడ ఇల్లు పోయింది, ఉద్యోగం పోయింది, అన్నీ నావల్లే అనుకున్నాను.

ప్రసాద్ కుర్చీలోంచి లేచాడు. "చూశావా అక్కా? దీనికే నేను మొత్తుకునేది! నీకు ఏమన్నా అయితే? ఈ మనిషిని నమ్మి నిన్ను ఇక్కడ ఎలా వదలను?"

"కూర్చో," అన్నారు ఆవిడ. "సీసా తప్పు చోట పెట్టింది రెండు కళ్ళూ ఉన్న మనిషి. వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి చూసి కూడా పట్టుకోలేకపోయింది. పట్టుకున్నది నా కాలు, నా చెయ్యి. ఎందుకు పట్టుకోగలిగాను? ఈవిడ రోజూ ఈ ఇంటిని ఒకేలా ఉంచుతుంది కాబట్టి. మీ ఇంట్లో నలుగురు ఉంటారు, సీసాలు రోజుకో చోట ఉంటాయి. అక్కడ నన్ను ఎవరు కాపాడతారో చెప్పు."

ప్రసాద్ కూర్చున్నాడు. వంగి ఆ మచ్చ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. పక్కనున్న బండ మీద పెట్టి చూశాడు. కాఫీ చల్లారిపోయింది. చివరికి లేచి, "హాస్టల్ వాళ్ళకి కుదరదని చెప్పేస్తాలే," అన్నాడు. నా వైపు చూసి, "యాసిడ్ మాత్రం..." అని ఆగిపోయాడు. నేను తల ఊపాను. అతను వెళ్ళిపోయాడు.

మెట్లు దిగుతున్న చప్పుడు ఒక అంతస్తు దాకా వినిపించి ఆగింది. మళ్ళీ పైకి వచ్చింది. తలుపు తోసుకుని లోపలికొచ్చి, తను లాగి వదిలేసిన కుర్చీని రెండు చేతులా ఎత్తి, చప్పుడు కాకుండా బల్లకు ఆనించాడు. మళ్ళీ మెట్లు దిగాడు.

వసుంధర గారు ఆ చప్పుడు పోయేదాకా ఆగి, వచ్చి కుర్చీ వీపు మీద చెయ్యి వేశారు. అంచు వెంట వేళ్ళు జరిపి చూశారు.

"రెండు వేళ్ళు పక్కకు పెట్టాడు," అన్నారు. సరిచేద్దామని నేను ముందుకొస్తే చేత్తో ఆపారు. "ఉండనీ. వాడికి ఇది మొదటి రోజు కదా."